మూసివేస్తే మిగులుతుందా?

గదిలో నుంచి బయటికి వచ్చేటప్పుడు ఫ్యాను, దీపం ఆపాలన్నది మా అమ్మ నాకు నేర్పిన తొలి పాఠాలలో ఒకటి. గుంటూరు జిల్లాలోని మా పల్లెటూరి ఇంటికి కరెంటు వచ్చిన కొత్తలో, నెలాఖరున ఆమె నన్ను మీటరు ముందు నిలబెట్టి అంకెలు చదివించేది. పోయిన నెలకన్నా ఎక్కువ తిరిగిందని తెలిస్తే ఆ సాయంత్రం ఇంట్లో పెద్ద విచారణే జరిగేది. పెద్దయ్యాక నేను జిల్లా పరిషత్ ఉన్నత పాఠశాలలో 30 ఏళ్లు సామాన్య శాస్త్రం బోధించాను. నా విద్యార్థులకూ అదే చెప్పాను: వాడని దానిని ఆపివేయండి, మూసివేయండి, అదే పొదుపు. ఈ సూత్రం నన్ను ఏనాడూ మోసగించలేదు. మొన్నటి జనవరిలో, ఇంటికి వేల మైళ్ల దూరంలో, ఒక అర్ధరాత్రి వేళ మాత్రం మోసగించింది.

కోడలి రెండవ కాన్పు కోసం నేనూ మా వారూ డిసెంబరు మొదట్లో అమెరికాలోని మిషిగన్ రాష్ట్రానికి వెళ్లాము. మా అబ్బాయి కుటుంబం డెట్రాయిట్ నగర శివారులో ఉంటుంది. కోడలు ప్రసవం నిమిత్తం ఉద్యోగానికి విరామం ఇచ్చింది. ఇంటి వాయిదాలు, పెద్దమ్మాయి చదువు, ఆసుపత్రి బిల్లులు అన్నీ ఒక్క జీతం మీదనే నడుస్తున్నాయి. అబ్బాయి ఏనాడూ ఆ మాట మాతో అనలేదు. అయినా రాత్రి పొద్దుపోయేదాకా బిల్లులు ముందేసుకుని కూర్చునే కొడుకును చూసి తల్లికి అర్థం కానిదేముంటుంది?

అక్కడి ఇళ్లను వెచ్చబరిచే పద్ధతిని నేను మొదటిసారి దగ్గరగా చూశాను. ఇంటి కింద బేస్‌మెంటులో ఫర్నేస్ అనే పెద్ద బీరువా వంటి యంత్రం ఉంటుంది. అందులో సహజ వాయువు మండుతుంది. ఆ మంట నేరుగా ఇంటి గాలిలో కలవదు. లోహపు గదుల లోపల పొగ వాయువులు, వెలుపల ఇంటి గాలి ప్రవహిస్తాయి. లోహం ద్వారా వేడి మాత్రమే చేతులు మారుతుంది. వేడెక్కిన గాలిని ఒక పెద్ద పంకా రేకు గొట్టాలలోకి నెడుతుంది. ఆ గొట్టాలు ప్రతి గదికీ వెళ్లి నేల మీద జానెడు పొడవున్న చిన్న చిన్న జాలీలుగా తెరుచుకుంటాయి. చల్లారిన గాలి వేరే పెద్ద జాలీల గుండా తిరిగి ఫర్నేసుకు చేరుతుంది. ఇల్లంతటికీ ఒకే యంత్రం, ఒకే థర్మోస్టాట్. అది హాలు గోడ మీద ఉంటుంది. హాలు వెచ్చబడితే ఇల్లంతా వెచ్చబడినట్లే దాని లెక్క.

నేల జాలీలు ఎక్కువగా కిటికీల కిందనే ఉండటం నన్ను మొదట ఆశ్చర్యపరిచింది. తర్వాత ఆలోచిస్తే అందులోని వివేకం అర్థమైంది. చలి అద్దాన్ని తాకిన గాలి బరువెక్కి కిందికి జారుతుంది. దానికి ఎదురుగా వెచ్చని గాలి పైకి లేస్తే గదిలో చలి ప్రవాహం ఏర్పడదు. మేము తరగతి గదిలో నల్లబల్ల మీద బాణాలు గీసి చెప్పిన ఉష్ణ సంవహనం అక్కడ ప్రతి కిటికీ కింద పనిచేస్తోంది.

మిషిగన్‌లో ఖిబ్లా ఈశాన్యం వైపు. జీవితమంతా పడమటి దిక్కుకు తిరిగి నమాజు చేసిన మాకు అది అలవాటు కావడానికి వారం పట్టింది. మా గదిలో ఈశాన్యపు మూల ఒక కిటికీ, దాని కింద ఒక జాలీ ఉన్నాయి. ఫజ్ర్ వేళ వణుకుతూ వుజూ చేసి వచ్చి, జానమాజును సరిగ్గా ఆ జాలీ మీదుగా పరిచేదానిని. సజ్దాలో నుదుటికి, ఖాయిదాలో మోకాళ్లకు ఆ వెచ్చదనం తగిలేది. జిక్ర్ చేసుకుంటూ అక్కడే కూర్చుండిపోయేదానిని. చాలాసార్లు జానమాజును మడవకుండా అక్కడే వదిలేసేదానిని.

మా గది ఆ ఇంట్లోకెల్లా చల్లనిది. కారు షెడ్డు మీద కట్టిన గది అది. కింద వేడి లేని షెడ్డు, మూడు వైపులా బయటి గోడలు. ఫర్నేసు నుంచి అన్నిటికన్నా దూరం కూడా. హాలులో 70 డిగ్రీల ఫారన్‌హీట్ ఉన్నప్పుడు, అంటే మన లెక్కలో 21 డిగ్రీలు, మా గదిలో 63 కూడా ఉండేది కాదు. మా వారికి మోకాళ్ల నొప్పి. “ఏం ఫరవాలేదు, రెండు రజాయిలు ఉన్నాయి కదా!” అని ఆయన కొట్టిపారేసేవారు. అబ్బాయి మాత్రం రోజూ ఉదయం లేవగానే మా గదిలోకి వచ్చి, “అబ్బా, రాత్రి చలి వేసిందా?” అని అడిగేవాడు.

ఇక నా పొదుపు సంగతి. ఆ ఇంట్లో 14 జాలీలు ఉన్నాయి. భోజనాల గది ఎవరూ వాడరు, అందరూ వంటగది బల్ల మీదనే తింటారు. పుస్తకాల గది పగలంతా ఖాళీ. బట్టలు ఉతికే చోట ఎవరూ కూర్చోరు. ఖాళీ గదులలోకి డబ్బు పెట్టి వేడిచేసిన గాలి పోతూ ఉంటే నా మనసు ఊరుకోలేదు. ప్రతి జాలీకీ ఒక చిన్న మీట ఉంటుంది. దానిని జరిపితే రెక్కలు మూసుకుంటాయి. ఆ మూడు గదుల జాలీలనూ నేనే మూసివేశాను. ఫ్యాను ఆపినంత తృప్తి కలిగింది. ఎవరికీ చెప్పలేదు. చెప్పవలసినంత విషయమని తోచలేదు.

డిసెంబరు చివరలో పాప పుట్టింది, అల్‌హమ్దులిల్లాహ్. ఆ తర్వాత వారం రోజులకు ఒక పెద్ద అట్టపెట్టె వచ్చింది. అందులో 9 కొత్త జాలీలు ఉన్నాయి. చూడటానికి పాతవాటి లాగానే ఉన్నా వీటిలో చిన్న మోటారు, బ్యాటరీలు ఉన్నాయి. గది గదికీ పెట్టే ఉష్ణమాపకాలు, వాటన్నిటినీ ఇంటర్నెట్‌కు కలిపే ఒక చిన్న పెట్టె కూడా వచ్చాయి. గదికి కావలసిన వేడి అందగానే జాలీ తనంతట తాను మూసుకుంటుందట. ఖాళీ గదులకు వేడి తగ్గుతుందట. అదంతా ఫోనులో చూసుకోవచ్చునట.

“ఇవన్నీ ఎంత బేటా?” అని అడిగాను.

“ఒక్కొక్కటి సుమారు వంద డాలర్లు అమ్మీ. అన్నీ కలిపి వెయ్యి దాటింది. కానీ గ్యాసు బిల్లులో తిరిగి వచ్చేస్తుంది” అన్నాడు.

వెయ్యి డాలర్లు! నా నోట మాట ఆగలేదు. “మీట జరిపితే మూసుకునే దానికి మోటారు ఎందుకు? ఇది ఇస్రాఫ్ కాక మరేమిటి? బిల్లులు కట్టలేక సతమతమవుతూ ఇటువంటి ఆటబొమ్మలు కొంటారా?” అన్నాను. కోడలు పాపను ఎత్తుకుని అక్కడే నిలబడి ఉంది. అబ్బాయి మారు మాట్లాడలేదు. స్క్రూడ్రైవరు తీసుకుని గది గదికీ వెళ్లి జాలీలు బిగించుకున్నాడు. ఆ రాత్రి భోజనాల దగ్గర ఎవరూ ఎక్కువగా మాట్లాడలేదు.

జనవరి మూడవ వారంలో చలి ముదిరింది. బయట సున్నాకు దిగువన 15 డిగ్రీల సెల్సియస్. ఆ రాత్రి రెండు గంటల వేళ పాప ఏడుపుకు మెలకువ వచ్చింది. ముక్కు కొస చల్లగా తగిలింది. జాలీ మీద చెయ్యి పెడితే గాలి వస్తోంది, కానీ వెచ్చదనం లేదు. హాలులోకి వెళ్లి చూస్తే థర్మోస్టాట్ 58 చూపుతోంది. అబ్బాయి అప్పటికే బేస్‌మెంటులో ఉన్నాడు. ఫర్నేసు మీద ఒక ఎర్ర దీపం ఏదో లెక్కలో మినుకుమినుకుమంటోంది. పంకా తిరుగుతోంది, మంట మాత్రం వెలగడం లేదు.

మూడు వారాల పసిపాప, పచ్చి బాలింత, నాలుగేళ్ల పిల్ల, ఇద్దరు వృద్ధులు. అందరమూ ఒకే గదిలో చేరి తలుపు మూసుకుని చిన్న విద్యుత్ హీటరు వేసుకున్నాము. కోడలు పాపను గుండెలకు హత్తుకుని దుప్పట్ల మధ్య కూర్చుంది. అబ్బాయి నిమిషానికోసారి విషవాయువును పసిగట్టే అలారం వైపు చూస్తున్నాడు. ఆ రాత్రి నేను చదివిన దుఆలు లెక్కపెట్టలేదు. గంట గడిచాక ఫర్నేసు దానంతట అది వెలిగింది, కాసేపటికి మళ్లీ ఆగింది. తెల్లవారేదాకా అదే వరస.

ఉదయం తొమ్మిదింటికి మరమ్మతు చేసే ఆయన వచ్చాడు. నెరసిన గడ్డం, నెమ్మదైన మాట. ముందుగా గాలిని వడగట్టే ఫిల్టరును బయటికి లాగాడు. అది బూడిద రంగులోకి మారి ఉంది. తర్వాత గొట్టానికి చిన్న రంధ్రం చేసి, సన్నని నాళం పెట్టి, ఒక పరికరంలో అంకె చూశాడు. “ఈ యంత్రం 0.5 దాకా తట్టుకుంటుంది. ఇక్కడ 0.9 ఉంది” అన్నాడు. అది ఏ కొలత అని అబ్బాయి చేత అడిగించాను. నీటి అంగుళాలట. వెంటనే నా తరగతి గది గుర్తుకు వచ్చింది. యు ఆకారపు గాజు గొట్టంలో నీళ్లు పోసి, ఒక వైపు ఊదితే రెండవ వైపు నీళ్లు ఎంత పైకి లేస్తాయో పిల్లలకు చూపించేదానిని. ఆ గొట్టంలో నీటిని అర అంగుళం ఎత్తగలిగే ఒత్తిడిలో పనిచేయవలసిన పంకాను, మేము దాదాపు రెట్టింపు ఒత్తిడికి ఎదురు నెట్టమని నిలబెట్టాము.

“ఇంట్లో ఎన్ని జాలీలు మూసి ఉన్నాయి?” అని ఆయన అడిగాడు. అబ్బాయి ఫోను చూసి, రాత్రి 6 మూసుకున్నాయని చెప్పాడు. ఆయన నమ్మలేదు. ఇల్లంతా తిరిగి చూశాడు. భోజనాల గదిలో ఒకటి, పుస్తకాల గదిలో ఒకటి, బట్టలు ఉతికే చోట ఒకటి. చివరికి మా గదిలోకి వచ్చి, కిటికీ కింద పరిచి ఉన్న జానమాజు ముందు ఆగాడు. దానిని తాకలేదు. “దీని కింద ఒకటి ఉంది కదూ?” అని మర్యాదగా అడిగాడు.

మొత్తం 14లో 10 మూతపడి ఉన్నాయి. వాటిలో నాలుగు నా చేతి పని. ఫోనులోని యాప్ తన 9 జాలీల లెక్క మాత్రమే చూసుకుంది. అత్తగారు చేత్తో మూసినవి, జానమాజు కప్పినది దానికి ఎలా తెలుస్తాయి?

ఆయన బేస్‌మెంటులో నిలబడి చెప్పిన దానిని నా మాటల్లో చెబుతాను. ఫ్యాను ఆపితే ఫ్యాను వాడే కరెంటు ఆగుతుంది. దీపం ఆపితే దీపానిదీ అంతే. కానీ జాలీ మూస్తే ఫర్నేసు ఆగదు. దాని మంట అంతే, అది పుట్టించే వేడి అంతే. ఆ వేడిని మోసుకుపోయే గాలి మాత్రం తగ్గుతుంది. వేడి పోయే దారిలేక యంత్రం లోపలే పేరుకుంటుంది. లోహపు గదులు కాలి పగిలిపోకుండా లోపల ఒక రక్షణ మీట ఉంటుంది. హద్దు దాటితే అది మంటను ఆర్పేస్తుంది. చల్లారాక మళ్లీ వెలగనిస్తుంది. మళ్లీ మళ్లీ అలాగే జరిగితే యంత్రం కొంతసేపు వెలగడమే మానేస్తుంది. ఆ రాత్రి జరిగింది అదే. దీర్ఘకాలం అలాగే నడిపితే లోహపు గదులు బీటలు వారవచ్చు. అప్పుడు ప్రాణాంతకమైన కార్బన్ మోనాక్సైడ్ ఇంటి గాలిలో కలిసే ప్రమాదం ఉంది. అబ్బాయి రాత్రంతా అలారం వైపు ఎందుకు చూశాడో నాకప్పుడు అర్థమైంది.

ఆయన వెళ్లిపోయాక ఈ విషయం గురించి కొంత చదివాను. ఉపాధ్యాయురాలి అలవాటు పోదు కదా. కాలిఫోర్నియాలోని లారెన్స్ బర్కిలీ జాతీయ ప్రయోగశాలలో 2003లోనే దీనిని పరిశీలించారు. వాడని గదుల జాలీలు మూస్తే శక్తి ఆదా అవుతుందా అన్నదే ప్రశ్న. కాలిఫోర్నియాలోని సాధారణ ఇంటిని తీసుకుని లెక్క కడితే, శక్తి వాడకం తగ్గకపోగా పెరిగిందని తేలింది. కారణం గొట్టాల లీకు. జాలీలు మూసినకొద్దీ గొట్టాలలో ఒత్తిడి పెరుగుతుంది, అతుకుల సందుల నుంచి వేడిగాలి మరింతగా బయటికి పోతుంది. ఫర్నేసుకు దగ్గరి జాలీలు మూస్తే మొత్తం వ్యవస్థలో ఒత్తిడి పెరుగుతుందనీ, దూరపువి మూస్తే నష్టం కొంత తక్కువనీ, 60 శాతానికి మించి మూయడం అసలు తగదనీ వారు తేల్చారు. మేము 70 శాతం దాటాము.

న్యాయంగా ఒక మాట చెప్పాలి. ఆ పరిశీలన గొట్టాలు అటక మీద, అంటే వెచ్చబరచని చోట, పోయే ఇళ్లకు సంబంధించినది. మా అబ్బాయి ఇంట్లో గొట్టాలు చాలావరకు బేస్‌మెంటులో ఉన్నాయి. అక్కడ కారిన వేడి ఇంటి లోపలే ఉంటుంది కనుక పూర్తిగా వృథా కాదు. అయినా ఎవరూ కూర్చోని బేస్‌మెంటును వెచ్చబరచడం కోసం గ్యాసు కొనడం లేదు కదా! పైగా మా గదికి పోయే గొట్టం కారు షెడ్డు కప్పులో నుంచి పోతుంది. అక్కడ కారినదంతా నేలపాలే.

మరొక సంగతి కూడా తెలిసింది. ఇంటిలో పదో వంతు ఉన్న గదిని మూస్తే పదో వంతు వేడి మిగులుతుందని నేను అనుకున్నాను. అది తప్పు. అక్కడి ఇళ్లలో బయటి గోడలకే ఉన్నిలాంటి ఉష్ణరోధకం నింపుతారు. గదికీ గదికీ మధ్య గోడలలో సాధారణంగా అది ఉండదు. చల్లబడిన గది పక్క గదుల నుంచి గోడల గుండా, తలుపు కింది సందు గుండా వేడిని లాక్కుంటూనే ఉంటుంది. పంకా ఖర్చు కూడా లెక్కలోకి వస్తుంది. పాత రకం మోటారైతే ఒత్తిడి పెరిగేసరికి గాలి తగ్గిస్తుంది. కొత్త రకమైతే గాలి తగ్గకుండా ఉండటానికి మరింత కరెంటు తాగుతుంది.

ఆ రాత్రి ఇషా నమాజు తర్వాత అబ్బాయి పక్కన కూర్చుని కాగితం, కలం తీసుకున్నాను. చలికాలం మొత్తానికి ఇంటిని వెచ్చబరచడానికి గ్యాసు ఖర్చు సుమారు 800 డాలర్లు. ఈ జాలీలు పదో వంతు మిగిల్చాయనే అనుకుందాం. అది 80 డాలర్లు. పెట్టిన వెయ్యి తిరిగి రావడానికి 12 ఏళ్లకు పైగా పడుతుంది. అన్నాళ్లు ఆ మోటార్లు, ఆ యాప్ నిలవాలి. మధ్యలో బ్యాటరీలు మార్చాలి. “బిల్లులో తిరిగి వచ్చేస్తుంది” అన్న మాట ఆ కాగితం మీద నిలబడలేదు.

అబ్బాయి చాలాసేపు ఆ అంకెల వైపు చూశాడు. తర్వాత మెల్లగా అన్నాడు: “అమ్మీ, బిల్లు కోసమే కొన్నానని మీకు చెప్పాను. నిజానికి మీ గది కోసం కొన్నాను. మిగిలిన గదులు వెచ్చబడగానే మూసుకుంటే ఆ గాలి మీ గదికి వస్తుందనుకున్నాను. అబ్బా మోకాళ్లు పట్టుకుని మెట్లు దిగుతూ ఉంటే చూడలేకపోయాను. ఆ మాట చెబితే మా కోసం వెయ్యి డాలర్లా అని మీరు ఒప్పుకోరు కదా.”

నాకు నోట మాట రాలేదు. తల్లిదండ్రుల మోకాళ్ల కోసం ఖర్చు చేసిన కొడుకును, భార్య ముందు నిలబెట్టి ఇస్రాఫ్ చేశావని నిందించాను. నేను పొదుపు అనుకుని చేసిన పనేమో పసిపాపను చలిలో పడుకోబెట్టింది. ఇద్దరి ఉద్దేశమూ మంచిదే, ఇద్దరికీ యంత్రం తీరు తెలియదు. తేడా ఒక్కటే. అతడు నన్ను ఒక్క మాట అనలేదు. “నన్ను క్షమించు బేటా” అన్నాను. కోడలి దగ్గరికి వెళ్లి కూడా అదే అన్నాను. ఆమె కళ్లు తుడుచుకుంటూ, “అదేం మాట అత్తమ్మా! మీరు మూసింది కూడా మా బిల్లు తగ్గాలనే కదా!” అంది.

తర్వాత మేము చేసిన పనులు చాలా సాదాసీదావి. మొదట అన్ని జాలీలూ తెరిచాము, కొత్త ఫిల్టరు వేశాము. జానమాజును ఒక బారెడు వెనక్కి జరిపాను. మరమ్మతు చేసిన ఆయన మా గదికి పోయే గొట్టాన్ని తడిమి చూసి, బేస్‌మెంటులో ఒక అతుకు వేలు దూరేంత ఊడిపోయి ఉందని చూపించాడు. మా గదికి రావలసిన వెచ్చదనంలో ఎంతో భాగం అక్కడే కారిపోతోంది. అక్కడి సాధారణ ఇంట్లో గొట్టాలలో ప్రవహించే గాలిలో 20 నుంచి 30 శాతం ఇలా లీకుల వల్లే పోతుందని ఆ దేశ ప్రభుత్వపు ఎనర్జీ స్టార్ కార్యక్రమం చెబుతుంది. అతుకులకు పూయడానికి మాస్టిక్ అనే చిక్కని లేపనం దొరుకుతుంది. డబ్బా ఇరవై డాలర్లు. పేరుకు డక్ట్ టేపు అని ఉన్న గుడ్డ టేపు ఆ వేడికి కొన్నాళ్లకే ఊడిపోతుందట. ఒక ఆదివారం అబ్బాయి, మా వారు చేతులకు తొడుగులు వేసుకుని చేతికందిన ప్రతి అతుకుకూ ఆ లేపనం పూశారు. తండ్రి దీపం పట్టుకుంటే కొడుకు పూశాడు. అబ్బాయి పదో తరగతి చదివేటప్పుడు మా ఇంటి నీళ్ల ట్యాంకు పగులును ఇద్దరూ ఇలాగే పూడ్చారు. మళ్లీ ఆ రోజే వాళ్లిద్దరినీ అంత దగ్గరగా చూశాను.

థర్మోస్టాట్ సంగతి కూడా నేర్చుకున్నాము. అమెరికా ఇంధన శాఖ లెక్క ప్రకారం, రోజుకు 8 గంటలు ఉష్ణోగ్రతను మామూలు కన్నా 7 నుంచి 10 ఫారన్‌హీట్ డిగ్రీలు తగ్గించి పెట్టుకుంటే, వెచ్చబరచడానికీ చల్లబరచడానికీ అయ్యే ఖర్చులో ఏడాదికి 10 శాతం దాకా మిగులుతుంది. దానికి ఒక్క డాలరు పెట్టనక్కరలేదు. పసిపాప ఉన్న ఇల్లు కనుక మేము రాత్రి వేళ 3 డిగ్రీలకు మించి తగ్గించలేదు. పాప పెద్దదయ్యాక చూసుకోవచ్చు. పొదుపుకు కూడా వేళ ఉంటుంది.

కొత్త జాలీలలో ఆరింటిని గడువులోగా దుకాణానికి తిప్పి పంపాము. మూడింటిని ఉంచాము. ఎండ తగిలి అతిగా వేడెక్కే దక్షిణపు గదులలో అవి పూర్తిగా మూసుకోకుండా, సగానికి మాత్రమే వచ్చేలా అబ్బాయి అమర్చాడు. అతుకు సరిచేశాక మా గది 4 డిగ్రీలు పెరిగింది. ఆ మూడు జాలీలతో మరొక డిగ్రీ కలిసింది.

బిల్లు సంగతి పాఠకులు అడుగుతారు. రెండు నెలల బిల్లులను ఊరికే పక్కపక్కన పెట్టి చూస్తే మోసపోతాము, ఎందుకంటే ప్రతి నెల చలీ ఒకటి కాదు. అందుకని ఒక లెక్క ఉంది. 65 ఫారన్‌హీట్ డిగ్రీల కన్నా ఆ రోజు సగటు ఎంత తక్కువో అన్ని మార్కులు వేసి, నెలంతటికీ కూడాలి. వాడిన గ్యాసును ఆ మొత్తంతో భాగించాలి. అలా చూస్తే డిసెంబరు కన్నా ఫిబ్రవరిలో మా వాడకం సుమారు 8 శాతం తగ్గింది. దానిలో సింహభాగం ఇరవై డాలర్ల లేపనానిది, థర్మోస్టాటుది అని నా నమ్మకం.

కాబట్టి ఆ దేశంలో ఉన్న మన పిల్లలు అడిగితే నేను చెప్పేది ఇది. ఒక గది అతిగా వేడి, మరొక గది అతిగా చల్లన అయినప్పుడు, రెండు మూడు జాలీలతో కొంత సమతూకం తేవచ్చు. అది సౌకర్యం కోసం పెట్టే ఖర్చు. స్తోమత ఉంటే తప్పు లేదు. బిల్లు తగ్గుతుందని మాత్రం కొనవద్దు. ముందు ఫిల్టరు, అతుకులు, థర్మోస్టాట్, కిటికీ సందులు చూసుకోండి. ఆ తర్వాత కూడా ఒక గది చల్లగా ఉంటే, తెలిసినవారి చేత గొట్టాలలో ఒత్తిడి కొలిపించి అప్పుడు ఆలోచించండి. ఇంట్లో కార్బన్ మోనాక్సైడ్ అలారం లేకపోతే ఈరోజే పెట్టండి.

తిరిగి వచ్చాక మా ఇంటి ఏసీని చూసి నాకు నవ్వు వచ్చింది. మన ఇళ్లలో గదికొక యంత్రం. ఇక్కడ తలుపు మూస్తే నిజంగానే మిగులుతుంది. గదిని విడిచేటప్పుడు ఆపితే నిజంగానే ఆగుతుంది. మా అమ్మ సూత్రం మన ఇంటికి సరైనదే. 2020 నుంచి మన దేశంలో కొత్త ఏసీలు వేయగానే 24 డిగ్రీల వద్ద మొదలయ్యేలా నిబంధన వచ్చింది. అయినా 18కి దించి, పైన దుప్పటి కప్పుకునే ఇళ్లు ఎన్ని లేవు! ఒక్కో డిగ్రీ పెంచితే సుమారు 6 శాతం కరెంటు మిగులుతుందని మన దేశపు ఇంధన సామర్థ్య సంస్థ అంచనా. ఒకే సూత్రాన్ని అన్ని ఇళ్లకూ అన్వయించలేము. ఇంటి తీరు తెలుసుకున్నాకే పొదుపు తీరు తెలుస్తుంది.

ధర్మం మనకు నేర్పినదీ ఇదే కదా! దుబారాను దివ్యఖుర్‌ఆన్ తీవ్రంగా ఖండించింది. అదే గ్రంథం సూరా ఫుర్ఖాన్‌లో కరుణామయుని దాసుల లక్షణాలు చెబుతూ, వారు దుబారాకూ పిసినారితనానికీ మధ్య నడుస్తారని వివరించింది. దైవప్రవక్త (సల్లం) ఒక ముద్ద్ నీటితో, అంటే సుమారు రెండు చేతుల దోసిలి నిండేంత కొలతతో, వుజూ చేసేవారని ప్రామాణిక హదీసులు తెలుపుతున్నాయి. ఆ కొద్ది నీటితో ఆయన ఏ అవయవాన్నీ పొడిగా వదలలేదు. పని పూర్తి కావాలి, వృథా మాత్రం ఉండకూడదు. తగ్గించడం ఒక్కటే పొదుపు కాదు. నేను ఆ ఇంట్లో తగ్గించడం మాత్రమే చూశాను, పని చెడుతున్న సంగతి చూడలేదు.

నన్ను ఇప్పటికీ బాధించేది జాలీలు మూసిన విషయం కాదు, ఆ మాట అన్న విషయం. ఇస్రాఫ్ అన్నది ధర్మం మన చేతికిచ్చిన కొలబద్ద. దానితో ముందు నా పనిని కొలుచుకోవలసింది. తెలుసుకోకుండా, అడగకుండా ఎదుటివారి ఖర్చు మీద పెట్టాను. డబ్బు వలెనే మాటను కూడా వృథాగా ఖర్చు చేయవచ్చు. దాని బిల్లు ఆలస్యంగా వస్తుంది, ఎక్కువగా వస్తుంది.

మొన్న అబ్బాయి ఫోను చేశాడు. అక్కడ మళ్లీ చలి మొదలైందట. “అమ్మీ, మీ గది ఇప్పుడు 69 చూపుతోంది. ఈసారి ఎప్పుడు వస్తారు?” అన్నాడు. మా వారు ఫోను అందుకుని, “మీ అమ్మీ జానమాజు పరిచే చోట ఒక గీత గీసి ఉంచు, అప్పుడు వస్తాము” అన్నారు.

మనం సంపాదించిన దానిలో బరకత్‌ను, ఖర్చు పెట్టే దానిలో వివేకాన్ని, మన వారితో ఆడే మాటలో మృదుత్వాన్ని అల్లాహ్ ప్రసాదించుగాక! ఆమీన్.